పాత తోలుతో చేతికుట్టు టోట్ బ్యాగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత సోఫా, జాకెట్, కారు సీటు తోలుతో బ్యాగ్ కుట్టాలనుకునేవారికి మళ్లీ మళ్లీ అవే సందేహాలు వస్తుంటాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాం. కొలతలన్నీ ఒకే నమూనాకు సంబంధించినవి: అడుగున 32 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు, 10 సెం.మీ. లోతు, రెండు పట్టీలు. జిప్పు, లైనింగ్, బయటి జేబులు ఏవీ లేవు. ఇంత సాదా బ్యాగులో కంటికి ఆనేది తోలు, కుట్టు మాత్రమే. కాబట్టి తోలు ఎంచుకోవడం గురించి, దాన్ని పరీక్షించడం గురించి ఎక్కువగా రాశాం.

### తోలు వెతికేటప్పుడు

"రీసైకిల్డ్ లెదర్" అని అమ్మే షీటు, పాత సోఫా నుంచి తీసిన తోలు రెండూ ఒకటేనా?

కాదు. ఆ పేరుతో దొరికే షీట్లలో ఎక్కువభాగం బాండెడ్ లెదర్. తోలు పొడిని, పీచును పాలీయురేథేన్ లేదా లేటెక్స్‌తో కలిపి షీటుగా వత్తి, పైన ప్లాస్టిక్ పొర వేస్తారు. అందులో తోలుకు సహజంగా ఉండే పీచుల అల్లిక ఉండదు. కుట్టు రంధ్రం దగ్గర తెగుతుంది, కొన్నేళ్లకు పైపొర పెచ్చులుగా రాలుతుంది. పాత వస్తువు నుంచి విప్పి తీసిన అసలు తోలులో ఆ అల్లిక అలాగే ఉంటుంది. బరువు మోసే బ్యాగుకు బాండెడ్ షీటు వద్దు.

మా ఇంట్లో పాత లెదర్ సోఫా ఉంది. దాని తోలంతా పనికొస్తుందా?

అంతా రాదు. చాలా సోఫాల్లో మనిషి ఒంటికి తగిలే చోట్ల మాత్రమే అసలు తోలు ఉంటుంది. పక్కలకు, వెనక్కు అదే రంగు రెగ్జిన్ వేస్తారు. అసలు తోలులో కూడా కూర్చునే చోటు మధ్యభాగం సాగిపోయి ఉంటుంది. తల ఆనే చోట, చేతులు ఆనే చోట చెమట, తలనూనె ఇంకి తోలు మెత్తబడి పైరంగు ఊడుతుంది. వీపు ఆనే దిండ్ల కింది సగం, సీటు దిండ్ల పక్కలు, మడతల లోపల దాగిన భాగాలు సాధారణంగా బాగుంటాయి. మందం చాలావరకు 0.9 నుంచి 1.3 మి.మీ. మధ్య ఉంటుంది కాబట్టి ఈ తరహా బ్యాగుకు సోఫా తోలే అన్నిటికన్నా అనువైనదని మా అభిప్రాయం.

జాకెట్ తోలు మరీ పల్చగా ఉంది. దాంతో బ్యాగ్ అవుతుందా?

గొర్రె తోలు జాకెట్లు 0.6–0.8 మి.మీ. ఉంటాయి. ఒంటిపొరగా కుడితే బ్యాగ్ నిలబడదు, పట్టీల దగ్గర చిరుగుతుంది. వెనకవైపు కాటన్ కాన్వాస్ అతికించి రెండింటినీ ఒకే పొరలా కుట్టండి. ఆవు తోలుతో చేసిన మోటార్‌సైకిల్ జాకెట్లు 1 మి.మీ. పైన ఉంటాయి, వాటికి ఈ అవసరం లేదు. అయితే ఏ జాకెట్‌లోనైనా వీపు భాగం తప్ప పెద్ద ముక్క దొరకదు. రెండో పలకను (బ్యాగ్ ముందు, వెనక వైపుల పెద్ద ముక్కల్లో ఒకదాన్ని) అతుకులతో చేయాల్సి వస్తుందని ముందే లెక్కలో పెట్టుకోండి.

అసలు తోలా, రెగ్జినా? కాల్చి చూడమంటున్నారు, నిజమేనా?

కాల్చొద్దు. అసలు తోలు మీద కూడా ప్లాస్టిక్ పూత ఉండొచ్చు కాబట్టి వాసన మోసం చేస్తుంది. పైగా క్రోమ్ టాన్ తోలును, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినదాన్ని, కాలిస్తే బూడిదలో హానికరమైన క్రోమియం సమ్మేళనాలు ఏర్పడవచ్చు. కొత్త బ్లేడుతో చిన్న ముక్క కోసి, కోసిన అంచును భూతద్దంతో చూడండి. వెనక అల్లిన గుడ్డ, పైన నున్నటి పొర కనిపిస్తే రెగ్జిన్. వెనక నుంచి ముఖం (నున్నటి పైవైపు) దాకా పీచు చిక్కగా అల్లుకుని, పైకి వెళ్లేకొద్దీ దట్టమవుతుంటే తోలు. పీచు పొడిపొడిగా, ఒకే తీరుగా ఉండి గోటితో గీకితే రాలిపోతే బాండెడ్.

ఇరవై ఏళ్ల నాటి తోలు. బ్యాగ్ అయ్యాక చిరిగిపోదని ముందే ఎలా తెలుస్తుంది?

మూడు పరీక్షలు చేయండి. మూడింటిలోనూ నెగ్గితేనే కత్తెర పట్టండి.

మొదటిది మడత. నున్నటి ముఖం బయటికి వచ్చేలా మడిచి, వేళ్లతో గట్టిగా నొక్కండి. సన్నని గీతలు కనిపించినా వేలితో రుద్దితే మాయమైతే అది పైపూత మీది ముడత మాత్రమే. పీచు బయటపడేలా పగిలితే ఆ ముక్క వద్దు. నూనె రాస్తే బాగవుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. నూనె మెత్తదనం ఇస్తుంది కానీ తెగిన పీచును అతికించలేదు.

రెండోది కుట్టు పరీక్ష, అసలైనది ఇదే. 3 సెం.మీ. వెడల్పు పట్టీ కోసి, అంచుకు 4 మి.మీ. లోపల ఆరెతో, అంటే చెప్పులు కుట్టేవారు వాడే మొనదేలిన పనిముట్టుతో, ఒక రంధ్రం చేయండి. అందులోంచి 0.8 మి.మీ. దారం దూర్చి ముడేసి, రెండు లీటర్ల నీళ్ల సీసాను దానికి ఒక నిమిషం వేలాడదీయండి. రంధ్రం కొద్దిగా సాగడం సహజం. అంచు దాకా చీలిందంటే లోపలి పీచు చచ్చిపోయిందన్నమాట. సోఫాలోని ఒక్కో భాగానికి ఈ పరీక్ష విడిగా చేయాలి. ఒకే దిండులో పక్కభాగం నెగ్గి, మధ్యభాగం ఓడిపోతుంటుంది.

మూడోది పొడి. వెనకవైపును తెల్లగుడ్డతో రుద్దండి. ఇటుక రంగు పొడి ఎడతెగకుండా రాలితే అది రెడ్ రాట్. పాత వెజిటబుల్ టాన్ తోలును, అంటే చెట్ల బెరడు లాంటివాటి రసంతో పదును చేసినదాన్ని, ఆమ్లం తినేయడం వల్ల వస్తుంది. దానికి మందు లేదు.

మొత్తం ఎంత తోలు సమకూర్చుకోవాలి?

ముక్కల నికర విస్తీర్ణం సుమారు 0.42 చదరపు మీటర్లు, అంటే నాలుగున్నర చదరపు అడుగులు. పాత తోలులో మరకలు, పాత కుట్టు గీతలు, సాగిన చోట్లు వదిలేయాలి కాబట్టి దానికి రెట్టింపు దగ్గర పెట్టుకోండి. మూడు సీటర్ల సోఫా నుంచి సాధారణంగా ఒకటికన్నా ఎక్కువ బ్యాగులే వస్తాయి.

### శుభ్రం చేసేటప్పుడు

సబ్బు నీళ్లలో నానబెట్టి ఉతకొచ్చా?

వద్దు. నీళ్లు లోపలి నూనెను బయటికి లాగుతాయి. ఆరాక తోలు అట్టలా బిగుసుకుంటుంది, కొలతలు మారతాయి. ముందు మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. తడిపి గట్టిగా పిండిన గుడ్డ మీద కొద్దిగా శాడిల్ సోప్ (తోలు శుభ్రం చేసే సబ్బు) తీసుకుని, చిన్న చిన్న భాగాలుగా తుడవండి. వెంటనే మరో తడిగుడ్డతో సబ్బు తీసేయండి. నీడలో, గాలి తగిలే చోట ఒకటి రెండు రోజులు పరిచి ఆరబెట్టండి. ఎండలో గానీ, హీటర్ ముందు గానీ పెట్టొద్దు. తోలును మెత్తగా ఉంచే లెదర్ కండిషనర్ రాయడం బ్యాగ్ పూర్తయ్యాకే. ముందే రాస్తే జిగురు పట్టదు.

తోలు మీద తెల్లగా బూజు ఉంది. పారేయాలా?

పైపైనే ఉంటే పారేయక్కర్లేదు. మాస్క్ వేసుకుని ఆరుబయట దులపండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి, ముందుగా ఒక మూల తుడిచి రంగు పోవడం లేదని చూసుకున్నాక మొత్తం తుడిచి ఆరబెట్టండి. వారం తర్వాత మళ్లీ బూజు వచ్చినా, నల్లచుక్కలు పీచులోకి దిగినా ఆ ముక్క వదిలేయండి. దాన్ని మంచి తోలు పక్కన దాచొద్దు.

సిగరెట్ వాసన, పాత ఇంటి వాసన పోవడం లేదు. ఏం చేయాలి?

మూత ఉన్న పెద్ద డబ్బాలో తోలును వదులుగా చుట్టి పెట్టి, పక్కన వెడల్పాటి గిన్నెలో వంటసోడా లేదా యాక్టివేటెడ్ కార్బన్ ఉంచండి. సోడా తోలుకు తగలకూడదు. అది క్షారం కాబట్టి తోలును పాడుచేస్తుంది. రెండు వారాలు ఉంచి, మధ్యలో ఒకసారి సోడా మార్చండి. సెంట్లు, ఫ్రెష్‌నర్లు కొడితే వాసన మీద వాసన చేరుతుంది, అంతే.

పాత కుట్లు విప్పాక రంధ్రాల వరస మిగిలింది. దాని మీదే మళ్లీ కుట్టొచ్చా?

వద్దు. కొత్త రంధ్రాలు పాతవాటి మధ్య పడితే ఆ గీత తపాలా బిళ్ల అంచులా చిరగడానికి సిద్ధంగా ఉంటుంది. పాత కుట్టు గీతకు కనీసం 6 మి.మీ. లోపలికి కోసుకోండి. పాత కుట్టును అలంకారంగా ఉంచాలనుకుంటే విప్పకుండా, బరువు పడని పలక మధ్యభాగంలో వచ్చేలా చూసుకోండి.

మడతల గీతలు పోవడానికి ఇస్త్రీ చేయొచ్చా?

ఇస్త్రీపెట్టెను అతి తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా పెట్టి, పైన పొడి కాటన్ గుడ్డ వేసి, వెనకవైపు నుంచి రెండు మూడు సెకన్లు ఒత్తి తీసేయొచ్చు. తడిగా ఉన్న వెజిటబుల్ టాన్ తోలు 70–80 డిగ్రీల వేడికే ముడుచుకుపోయి, మళ్లీ తిరిగిరాదు. రెండు రోజులు పుస్తకాల బరువు కింద ఉంచినా చాలా గీతలు తగ్గుతాయి. మిగిలినవి ఉండనివ్వండి, అవి ఆ తోలు చరిత్ర.

### గీసి, కత్తిరించేటప్పుడు

ముక్కల కొలతలు ఎంత?

పలకలు రెండు, ఒక్కోటి 44 × 39 సెం.మీ. 44 ఎలా వచ్చిందంటే: అడుగు వెడల్పు 32, లోతు 10, రెండు పక్కలా కుట్టు మార్జిన్ 1 చొప్పున 2. ఇక 39 అంటే ఎత్తు 30, లోతులో సగం 5, అడుగు మార్జిన్ 1, పైమడత 3. ప్రతి పలకకూ కింది రెండు మూలల్లో 5 సెం.మీ. చదరం కోసేయండి. దీన్ని కోసిన అంచు నుంచే కొలవాలి, కుట్టు గీత నుంచి కొలిస్తే లోతు పెరిగిపోతుంది. పట్టీలు రెండు, ఒక్కోటి 74 × 5 సెం.మీ. పట్టీల చివర్లకు లోపల వేసే బలం ముక్కలు నాలుగు, 6 × 4 సెం.మీ. అన్నిటికీ మందపాటి అట్టతో నమూనాలు చేసి, తోలు మీద పెట్టి వెండి రంగు పెన్నుతో గీయండి. ఆ గుర్తు కొన్ని తోళ్ల మీద చెరగదు కాబట్టి వెనకవైపు గీయడం మేలు.

తోలుకు ఏ దిశ నిలువు, ఏది అడ్డం? పాత ముక్కలో తెలియడం లేదు.

రెండు చేతులతో పట్టుకుని రెండు దిశల్లోనూ లాగి చూడండి. తక్కువ సాగే దిశ పలకకు నిలువుగా, పట్టీకి పొడవుగా రావాలి. పట్టీని సాగే దిశలో కోస్తే కొన్ని నెలల్లో బ్యాగ్ తుంటి దాటి కిందికి జారుతుంది. అదీ రెండు పట్టీలు సమానంగా సాగవు.

44 × 39 సెం.మీ. ముక్క ఒక్కటీ లేదు. అతుకులు వేస్తే చెడ్డగా ఉంటుందా?

అతుకును దాచాలని చూస్తేనే చెడ్డగా ఉంటుంది. పలకను కింది మూడోవంతు దగ్గర అడ్డంగా విడదీసి, కింది భాగానికి ముదురు రంగు తోలు వాడండి. అది అనుకుని చేసిన రూపంలాగే కనిపిస్తుంది, మురికీ తక్కువ తెలుస్తుంది. అతుకు కోసం రెండు ముక్కలకూ 1 సెం.మీ. చొప్పున అదనంగా వదలండి. కలిసే తోళ్ల మందంలో 0.3 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే మందంగా ఉన్నదాని అంచును పలచన చేశాకే కుట్టండి, లేకపోతే అతుకు ఒకవైపుకి మెలి తిరుగుతుంది.

కోస్తుంటే మెత్తటి తోలు బ్లేడుతోపాటు జరిగిపోతోంది.

బ్లేడు మొద్దుబారింది, లేదా ఒకే దెబ్బకు కోయాలని బలం వేస్తున్నారు. మెత్తటి తోలుకు 45 మి.మీ. రోటరీ కట్టర్ బాగా పనిచేస్తుంది. మామూలు కత్తి అయితే కొత్త బ్లేడు వేసి, స్టీలు స్కేలును గట్టిగా అదిమి, తేలికగా రెండు మూడు సార్లు గీయండి. మూలల్లో లోపలి కోణం దగ్గర ముందుగా 2 మి.మీ. గుండ్రటి రంధ్రం కొట్టి అక్కడిదాకా కోస్తే చీలిక ముందుకు పాకదు.

### కుట్టేటప్పుడు

కనీసం ఏ పనిముట్లు ఉండాలి?

కత్తి, కటింగ్ మ్యాట్, స్టీలు స్కేలు, 4 మి.మీ. దూరం ఉన్న ప్రికింగ్ ఐరన్ (కుట్టు రంధ్రాలు సమదూరంలో గుర్తించే పళ్ల పనిముట్టు), రబ్బరు లేదా కొయ్య సుత్తి, మొన లేని తోలు సూదులు రెండు, సన్నని ఆరె, జిగురు, క్లిప్పులు. గుండుసూదులు వాడొద్దు, తోలుకు పడిన రంధ్రం పూడదు.

ఎంత దారం కావాలి? కుట్టు ఎంత దగ్గరగా వేయాలి?

మొత్తం కుట్టు దాదాపు ఐదున్నర మీటర్లు. అందులో సగానికి పైగా పట్టీలకే. రెండు సూదులతో వేసే శాడిల్ కుట్టుకు గీత పొడవుకు నాలుగు రెట్లు దారం పడుతుంది కాబట్టి, చివర్లు కలుపుకుని 25–30 మీటర్లు ఉంచుకోండి. మైనం పూసిన 0.6 లేదా 0.8 మి.మీ. పాలిస్టర్ దారం సరిపోతుంది. దూరం 4 మి.మీ. ఉండాలి. 3 మి.మీ.కి తగ్గిస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ పాత మెత్తని తోలులో రంధ్రాల మధ్య మిగిలే తోలు చాలక ఆ గీత వెంటే చిరుగుతుంది.

ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ మీద అవుతుందా?

1 మి.మీ. తోలు రెండు పొరలు చాలా మిషన్లు కుడతాయి. 90 లేదా 100 నంబరు లెదర్ సూది, టెఫ్లాన్ ఫుట్ (తోలుకు అంటుకోకుండా జారే ప్రెస్సర్ ఫుట్), 3.5–4 మి.మీ. కుట్టు పొడవు, పాలిస్టర్ దారం పెట్టి చెత్తముక్క మీద కుట్టి చూడండి. రివర్స్ కుట్టు వేయొద్దు, అవే రంధ్రాల్లో మళ్లీ పొడిచి తోలు తెగుతుంది. దారాలు వెనక్కి లాగి ముడేయండి. పట్టీ చివర్లలో నాలుగైదు పొరలు కలిసేచోట ఇంటి మిషన్‌ను కష్టపెట్టకండి, అక్కడ చేతికుట్టే వేయండి.

అతికించిన అంచులు ఊడిపోతున్నాయి. జిగురు మంచిది కాదా?

చాలాసార్లు తప్పు జిగురుది కాదు, కింది పూతది. పూత ఉన్న నున్నటి ముఖం మీద జిగురు నిలవదు. అతికే మేర 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడవండి. కాంటాక్ట్ జిగురును రెండు వైపులా పల్చగా రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, వేలికి అంటకుండా బంకబంకగా తగిలినప్పుడు కలిపి గట్టిగా నొక్కండి. తడిగా ఉండగా కలిపితే జారుతుంది. కిటికీలు తెరిచి పని చేయండి.

ముక్కల్ని ఏ వరుసలో కుట్టాలి?

ముందు పట్టీలు తయారుచేసి, పలకలు చదునుగా ఉండగానే బిగించండి. తర్వాత ముఖాలు ఎదురెదురుగా పెట్టి అడుగు కుట్టు, ఆపై పక్కకుట్లు. మార్జిన్లను విప్పి అతికించి సుత్తితో అణచండి. అప్పుడు మూలలు: పక్కకుట్టు, అడుగుకుట్టు ఒకదాని మీద ఒకటి వచ్చేలా తెరిచిన చదరాన్ని చదును చేసి 1 సెం.మీ. మార్జిన్‌తో కుట్టండి. తిరగేసి, చివరగా పై 3 సెం.మీ. లోపలికి మడిచి అతికించి చుట్టూ కుట్టండి. పట్టీలను పక్కకు ఎత్తి పట్టుకుంటే ఈ గీత వాటి వెనగ్గా వెళ్తుంది. పట్టీలు చివర్లో బిగిద్దామనుకుంటే సంచి లోపల చెయ్యి తిరగక కుట్టు వంకరపోతుంది.

మూలల్లో మందం పెరిగి సూది దిగడం లేదు.

అక్కడ మార్జిన్లతో కలిపి నాలుగు పొరలు పడతాయి. మూలకు వచ్చే చివరి 2 సెం.మీ. మేర మార్జిన్లను సగం మందానికి చెక్కండి. గాజుపలక మీద పెట్టి, పదునైన కత్తిని దాదాపు పడుకోబెట్టి, బయటి అంచు వైపు పలచగా లాగాలి. కుట్టు గీత దాటి లోపలికి చెక్కొద్దు. అప్పటికీ సూది కదలకపోతే రంధ్రాన్ని ఆరెతో తెరవండి. సూదిని ప్లయర్‌తో మెలితిప్పి లాగితే విరుగుతుంది.

పట్టీలు సాగకుండా, చిరక్కుండా ఎలా కుట్టాలి?

5 సెం.మీ. వెడల్పు ముక్క మధ్యలో 2 సెం.మీ. సాగని కాటన్ లేదా నైలాన్ టేప్ అతికించి, రెండు అంచులూ మధ్యకు మడిస్తే 2.5 సెం.మీ. పట్టీ వస్తుంది. రెండు పక్కలా 3 మి.మీ. లోపల కుట్టండి. ఇక బరువంతా టేపుదే, అందుకే 74 సెం.మీ. తోలు దొరక్కపోతే తోలును అతికి, టేపును మాత్రం ఏకంగా ఉంచొచ్చు. పట్టీ చివర బ్యాగ్ పైఅంచుకు 8 సెం.మీ. కిందిదాకా దిగాలి. అందులో కింది 5 సెం.మీ. చుట్టూ దీర్ఘచతురస్రంగా, లోపలి బలం ముక్కను కూడా పట్టుకునేలా కుట్టండి. రెండు చివర్ల మధ్య 15 సెం.మీ. దూరం ఉంచితే భుజానికి సుమారు 25 సెం.మీ. వేలాడుతుంది.

### మెరుగులు దిద్దేటప్పుడు

అంచుల్ని ఎంత రుద్దినా నునుపు రావడం లేదు.

అది క్రోమ్ టాన్ తోలు అయ్యుంటుంది. సోఫా, జాకెట్ తోళ్లు చాలావరకు అవే. నీళ్లో, బంకో రాసి కొయ్యతో రుద్దితే మెరిసేది వెజిటబుల్ టాన్ తోలు అంచే. క్రోమ్ తోలుకు ఎడ్జ్ పెయింట్ (అంచులకు వేసే రంగు) పల్చగా రెండు మూడు పూతలు వేసి, ప్రతి పూతా పూర్తిగా ఆరాక 400 నంబరు కాగితంతో తేలికగా రుద్దండి. ఒకేసారి మందంగా వేస్తే పగిలి ఊడుతుంది.

రంగు నచ్చలేదు. డై వేసి మార్చొచ్చా?

పూత ఉన్న తోలులోకి డై దిగదు. పూతను ద్రావణితో తీసి తోలు కోసం చేసిన అక్రిలిక్ రంగు వేయాలి. లేత రంగును ముదురు చేయగలరు కానీ ముదురును లేత చేయలేరు. వంగే చోట్ల ఆ రంగు ముందుగా పోతుంది. ఉన్న రంగుతోనే రూపం ఆలోచించడం మంచిది.

లైనింగ్ లేకపోతే లోపలి నూగు సామాన్లకు అంటుకోదా?

అంటుకుంటుంది. పలకలు చదునుగా ఉండగానే, మార్జిన్లు వదిలేసి, వెనకవైపు సీ.ఎం.సీ. బంక (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ పొడిని నీళ్లలో కలిపి చేసేది) పల్చగా రాసి గాజు లేదా కొయ్య పలకతో ఒకే దిశలో రుద్దండి. సోఫా తోలుకు ఇది పూర్తిగా నునుపు ఇవ్వకపోయినా నూగు రాలడం బాగా తగ్గుతుంది. తడిపిన తెల్లగుడ్డతో ఇరవైసార్లు రుద్దినప్పుడు రంగు దిగితే మాత్రం కాన్వాస్ లైనింగ్ వేయక తప్పదు.

### వాడేటప్పుడు

వానలో తడిసింది. ఏం చేయాలి?

పొడిగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. లోపల తెల్ల కాగితం కుక్కి నీడలో నిలబెట్టండి. వార్తాపత్రిక వాడితే సిరా అంటుతుంది. పూర్తిగా ఆరాక కొద్దిగా కండిషనర్ రాయండి. మామూలుగా అయితే ఆర్నెల్లకోసారి చాలు. దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో కాక గుడ్డసంచిలో పెట్టండి.

ఎంత బరువు మోస్తుంది?

లోపల టేపు, బలం ముక్కలు ఉన్న బ్యాగులో రోజూ నాలుగైదు కిలోలు నిశ్చింతగా పెట్టొచ్చు. ల్యాప్‌టాప్ లాంటి గట్టి మూలలున్న వస్తువును తొడుగులో పెట్టి వేయండి. మెత్తని తోలులో అరుగుదల అడుగు మూలల దగ్గరే మొదలవుతుంది.

పట్టీ కింద తోలు చిరగడం మొదలైంది. బాగు చేయొచ్చా?

చీలిక కుట్టు గీత దాటకముందే చేయాలి. ఆ చివర కుట్టు విప్పి, చీలిక కంటే అన్ని వైపులా 2 సెం.మీ. పెద్దదిగా ఉండే తోలు ముక్కను లోపల అతికించండి. పట్టీని పాత రంధ్రాలకు 1 సెం.మీ. కిందికి దించి కొత్త రంధ్రాలతో కుట్టండి. రెండో చివరనూ, అవతలి పట్టీనీ అంతే దించితేనే బ్యాగ్ సమంగా వేలాడుతుంది. ఈ పని కోసమే అదే తోలులోంచి అరచేతి వెడల్పు ముక్కలు రెండు మూడు దాచి ఉంచండి.